కాన్పులో కోత, కుట్టు

నార్మల్ కాన్పే అయిందని బంధువులకు ఫోన్లు చేసే ఇంట్లోనే, "కింద కుట్లు పడ్డాయి" అన్న మాట ఆడవాళ్ల మధ్య మెల్లగా వినిపిస్తుంది. చాలాసార్లు ఆ కుట్ల వెనక ఒక కోత ఉంటుంది. బిడ్డ తల బయటికొచ్చే వేళ, యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్య ఉన్న చర్మాన్నీ కండరాన్నీ కత్తెరతో కోస్తారు. దాన్నే ఎపిసియోటమీ అంటారు. కోసే ముందు తల్లికి చెప్పారా, ఆమె సరేనందా అన్నది మనం అడగం. అడగాలి.

కోతకన్నా కుట్టే పాతది. ఇటలీలోని సలెర్నోలో 12వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న ట్రోటులా గ్రంథాలు, కాన్పులో చిరిగిన చోటును పట్టుదారంతో కుట్టమన్నాయి. కోత గురించి 1742లో డబ్లిన్ వైద్యుడు ఫీల్డింగ్ ఔల్డ్ రాశాడు. ద్వారం బిగుసుకుపోయి, బిడ్డ తల ఎంతకీ దిగని కష్టపు కాన్పులకే అది. చాలాకాలం అది ఆపద్ధర్మంగానే ఉండిపోయింది.

దాన్ని అలవాటుగా మార్చింది 20వ శతాబ్దపు అమెరికా. కాన్పులు ఇంటినుంచి ఆసుపత్రికి చేరుతున్న రోజులవి. 1920లో షికాగో వైద్యుడు జోసెఫ్ డెలీ, తొలిచూలు కాన్పుల్లో తల్లికి మత్తిచ్చి, కోత పెట్టి, ఫోర్సెప్స్‌తో బిడ్డను తీసి, తిరిగి కుట్టాలని ప్రతిపాదించాడు. తిన్నగా కోసిన గాయం చిరుగుకన్నా బాగా మానుతుందనీ, తల్లి కండరాలు వదులైపోవనీ, బిడ్డ తలకు ఒత్తిడి తగ్గుతుందనీ ఆయన నమ్మకం. ఆయన తల్లీబిడ్డల మేలే కోరాడు. అయితే ఆ నమ్మకాన్ని సరిగా పరీక్షించకుండానే వైద్యులు తరాల తరబడి కోశారు. 1979 నాటికి అమెరికాలో యోనిద్వారా జరిగిన కాన్పుల్లో 60 శాతానికి పైగా ఈ కోతతోనే జరిగాయి.

1980ల మొదట్లో బ్రిటన్‌లో రచయిత్రి షీలా కిట్జింజర్ కోత పడిన స్త్రీల అనుభవాలనే అక్షరాల్లో పెట్టింది. 1983లో థాకర్, బాంటా అనే పరిశోధకులు 120 ఏళ్ల వైద్య సాహిత్యాన్ని జల్లెడ పట్టి, ప్రతి కాన్పుకూ కోత పెట్టడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. 1993లో అర్జెంటీనా పరీక్ష ఫలితాలొచ్చాయి. 2,606 మంది తల్లుల్లో, అలవాటుగా కోసే ఒక వర్గంలో 83 శాతానికి, అవసరమైతేనే కోసే రెండో వర్గంలో 30 శాతానికి కోత పడింది. తీవ్రమైన చిరుగులు మొదటి వర్గంలో 1.5 శాతం, రెండో వర్గంలో 1.2 శాతం. అంటే కోత కాపాడుతుందన్న ఆ చిరుగులనుంచి కోత కాపాడలేదు. నొప్పీ, గాయం మానడంలో చిక్కులూ తక్కువ కోసినచోటే తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు మామూలు కాన్పుల్లో అలవాటుగా కోయవద్దంటున్నాయి.

బిడ్డ గుండె తడబడినప్పుడు, ఫోర్సెప్స్ వాడాల్సినప్పుడు కోత అవసరపడవచ్చు. అప్పుడు మధ్యగీతలో కిందికి కోస్తే చిరుగు మలద్వారందాకా పాకే ముప్పు ఎక్కువ. అందుకే తిమ్మిరిమందు ఇచ్చి, సుమారు 60 డిగ్రీల వాలుతో పక్కకు కోస్తారు.

కుట్టే పని ఇంతకన్నా సున్నితం. చిరుగు చర్మంతో ఆగితే మొదటి స్థాయి, కండరం తెగితే రెండోది, మలద్వారాన్ని బిగించే కండరం తెగితే మూడోది, మలాశయపు లోపొర కూడా చిరిగితే నాలుగోది. 1993లో లండన్‌లో అబ్దుల్ సుల్తాన్ బృందం అల్ట్రాసౌండ్‌తో చూస్తే, తొలికాన్పు తల్లుల్లో 35 శాతం మందికి ఆ బిగింపు కండరం దెబ్బతిని ఉంది. ఎక్కువగా అవి కంటికి కనబడని గాయాలు. అందుకే కుట్టేముందు మంచి వెలుగులో, మలద్వారంలో వేలుపెట్టి పరీక్షించడం తప్పనిసరి. దారమూ మారింది. పశువుల పేగులతో చేసిన క్యాట్‌గట్ బదులు త్వరగా కరిగే కృత్రిమ దారాలొచ్చాయి. 2002లో బ్రిటన్‌లో క్రిస్టీన్ కెటిల్ బృందం, విడివిడి కుట్లకన్నా ఒకే వరసలో సాగే కుట్టుకు నొప్పి తక్కువని చూపింది.

గ్యాసో మలమో ఆపుకోలేకపోతే కాన్పయ్యాక ఇంతే అనుకుని బాలింతలు దాచుకుంటారు. అది సర్దుకుపోవాల్సిన విషయం కాదు, చికిత్స ఉన్న గాయం. కాన్పు తర్వాతి చెకప్‌లో డాక్టరే ముందుగా అడగాల్సిన ప్రశ్న అది.