ఇంటికి బిడ్డా, బిడ్డకు ఇల్లా?
మన దేశంలో దత్తత చరిత్ర



ఆంధ్రుల ప్రస్తావన మొట్టమొదట ఏ గ్రంథంలో కనిపిస్తుంది? పోటీ పరీక్షల్లో తరచుగా వచ్చే ప్రశ్న ఇది. ఐతరేయ బ్రాహ్మణంలో అని మీరు వెంటనే రాస్తారు. అయితే ఆ పేరు అక్కడ ఏ సందర్భంలో వచ్చిందో ఎప్పుడైనా గమనించారా? అది ఒక దత్తత కథ.

అజీగర్తుడనే పేద బ్రాహ్మణునికి ముగ్గురు కొడుకులు. హరిశ్చంద్రుని కుమారుడు రోహితుడు యజ్ఞంలో తనకు బదులుగా బలి ఇవ్వడానికి ఒక పిల్లవాడి కోసం ఆయన దగ్గరికి వచ్చాడు. పెద్దవాడిని ఇవ్వనన్నాడు తండ్రి. చిన్నవాడిని ఇవ్వనంది తల్లి. నడిమివాడైన శునశ్శేపుడిని నూరు ఆవులకు అమ్మేశారు. స్తంభానికి కట్టడానికి మరో నూరు ఆవులు, చంపడానికి ఇంకో నూరు ఆవులు పుచ్చుకోవడానికి సిద్ధపడ్డవాడు కూడా కన్నతండ్రే. దేవతలను స్తుతించి కట్లు విడిపించుకున్న ఆ పిల్లవాడు నేరుగా వెళ్లి విశ్వామిత్రుని ఒడిలో కూర్చున్నాడు. తండ్రి తిరిగి రమ్మన్నా వెళ్లలేదు. విశ్వామిత్రుడు అతన్ని తన పెద్దకొడుకుగా స్వీకరించాడు. అప్పటికే ఆయనకు నూటొక్కమంది కొడుకులు. వారిలో పెద్దవారు యాభైమంది ఈ కొత్త అన్నను ఒప్పుకోలేదు. తండ్రి వారిని శపించాడు. ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు వారి సంతతేనని ఆ గ్రంథం చెబుతుంది.

ఇందులో పురాణమెంత, చరిత్ర ఎంత అన్నది వేరే చర్చ. కానీ దత్తతకు సంబంధించిన మూడు ప్రశ్నలు ఈ కథలోనే ఉన్నాయి. ఏ బిడ్డ ఏ ఇంటికి వెళ్లాలో ఎవరు నిర్ణయించాలి? బిడ్డ ఇష్టాన్ని ఎవరు అడగాలి? ఆ ఇంట్లో ఇదివరకే ఉన్నవారిని ఎవరు సిద్ధం చేయాలి? మన దేశం ఈ ప్రశ్నలకు కాలక్రమంలో ఎలాంటి జవాబులు ఇచ్చిందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

వంశం కోసం వెతికిన కొడుకు

ధర్మశాస్త్రాల కాలంలో దత్తత అంటే ప్రధానంగా కొడుకు లేని ఇంటికి కొడుకును తెచ్చుకోవడం. పితృదేవతలకు పిండం పెట్టడానికి, ఆస్తిని నిలపడానికి, ఇంటిపేరు కొనసాగడానికి ఒక మగబిడ్డ కావాలి. 17వ శతాబ్దంలో కాశీ పండితుడు నందపండితుడు రాసిన దత్తక మీమాంస ఈ నియమాలను వివరంగా చర్చించింది. 1821లో సదర్లాండ్ దీనిని ఇంగ్లీషులోకి అనువదించాడు. దాంతో ఈ గ్రంథం బ్రిటిష్ న్యాయస్థానాల్లో ప్రమాణంగా చెలామణి అయింది.

ఆ నియమాల్లో ‘జత కుదర్చడం’ కూడా ఉంది. వచ్చే పిల్లవాడు సొంత కొడుకు పోలికలో ఉండాలి. దగ్గరి సగోత్రీకుల బిడ్డకు మొదటి స్థానం. కూతురి కొడుకును, చెల్లెలి కొడుకును తీసుకోకూడదని కొన్ని వర్ణాలకు నిషేధం. ఒక్కడే ఉన్న కొడుకును ఇవ్వకూడదని మరో నియమం. వీటిలో ఏదీ ఆ పిల్లవాడికి ఏం కావాలో అడిగేది కాదు.

ఇంకొక సంగతి గమనించండి. కన్న తల్లిదండ్రులు తమ చేతులతో బిడ్డను అప్పగిస్తేనే దత్తత చెల్లుతుంది. అందువల్ల, ఆచారం వేరుగా ఉన్నచోట తప్ప, తల్లిదండ్రులు లేని అనాథను దత్తత తీసుకోవడానికి ఆ చట్టంలో దారి లేదు. ఇచ్చేవారు ఎవరూ లేరు కదా! ఇల్లు అందరికన్నా ఎక్కువ అవసరమైన బిడ్డకే ఆ తలుపు మూసుకుపోయింది. ఆడపిల్లల దత్తతకూ సాధారణంగా గుర్తింపు లేదు.

మన ప్రాంతంలో దీనికి పక్కనే ఇల్లరికం ఉంది. కొడుకులు లేని రైతు కుటుంబం అల్లుడిని ఇంటికి తెచ్చుకుని, వ్యవసాయం అప్పగించి, ఆస్తిలో హక్కు ఇవ్వడం రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఉన్న ఆచారం. మద్రాసు హైకోర్టు దీనిని గుర్తించింది. ఇక్కడ కూడా వెతుకులాట ఇంటి అవసరం కోసమే.

రాజ్యం కోసం జరిగిన వాదన

బ్రిటిష్ పాలనలో దత్తత రాజకీయ ఆయుధంగా మారింది. గవర్నర్ జనరల్ డల్హౌసీ అమలు చేసిన రాజ్యసంక్రమణ సిద్ధాంతం మీకు తెలిసిందే. సొంత కొడుకు లేకుండా రాజు మరణిస్తే, దత్తపుత్రుడికి కంపెనీ ఆమోదం లేకపోతే, రాజ్యం కంపెనీ పరం. 1848లో సతారా, 1854లో నాగపూర్ అలాగే పోయాయి. ఝాన్సీ రాజు గంగాధరరావు 1853 నవంబరులో మరణశయ్య మీద బంధువుల బాలుడిని దత్తత తీసుకుని దామోదరరావు అని పేరు పెట్టాడు. మర్నాడే కన్నుమూశాడు. కంపెనీ ఆ దత్తతను రాజ్యం విషయంలో ఒప్పుకోలేదు. తర్వాతి కథ 1857 తిరుగుబాటు చరిత్రలో భాగం. ఆ తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వం వెనక్కి తగ్గి, సంస్థానాధీశుల దత్తత హక్కును గుర్తిస్తూ సనదులు ఇచ్చింది.

మద్రాసు రాష్ట్రంలో భర్త అనుమతి లేని వితంతువు దత్తత తీసుకోవచ్చా అన్న వివాదం రామనాథపురం జమీందారీ కేసుగా ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. జ్ఞాతులు సమ్మతిస్తే తీసుకోవచ్చని 1868లో తీర్పు వచ్చింది. ఈ వ్యవహారాలన్నింటిలో వేల పేజీల కాగితాలు పుట్టాయి. వాటిలో చర్చంతా సింహాసనం గురించి, జమీందారీ గురించి, వారసత్వం గురించి.

చట్టం తలుపు తెరిచింది

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది. ఆడపిల్లను కూడా దత్తత తీసుకోవచ్చని ఈ చట్టం స్పష్టం చేసింది. 1962లో చేసిన సవరణతో, తల్లిదండ్రులు వదిలేసిన బిడ్డను, ఎవరి బిడ్డో తెలియని శిశువును కోర్టు అనుమతితో సంరక్షకులు దత్తత ఇవ్వడానికి వీలు కలిగింది. ‘ఇచ్చేవారు లేరు’ అన్న పాత అడ్డంకి అలా తొలగింది.

అయితే ఈ చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే వర్తిస్తుంది. ఇతర మతాలవారు, విదేశీయులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. అందరికీ ఒకే దత్తత చట్టం తేవాలని 1972లో పార్లమెంటులో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. 1980లో పెట్టిన బిల్లుకూ అదే గతి పట్టింది.

ఒక ఉత్తరం తెచ్చిన మార్పు

విదేశాలకు పిల్లలను దత్తత పంపడంలో అక్రమాలు జరుగుతున్నాయని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించింది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు.

ఈ తీర్పు రెండు కాగితాలకు ప్రాధాన్యం ఇచ్చింది. ఒకటి దత్తత కోరే కుటుంబం గురించి సామాజిక కార్యకర్త రాసే గృహ పరిశీలన నివేదిక. రెండోది బిడ్డ ఆరోగ్యం, ఎదుగుదల, స్వభావం, వెనుకటి జీవితం గురించి రాసే శిశు పరిశీలన నివేదిక. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడమే ఆధునిక అర్థంలో జత కుదర్చడం. బిడ్డకు ముందుగా మన దేశంలోనే కుటుంబం వెతకాలని, విదేశానికి పంపక తప్పకపోతే మూడేళ్లు నిండకముందే పంపడం మంచిదని కూడా కోర్టు చెప్పింది. చిన్న వయసులో కొత్త భాషకు, కొత్త మనుషులకు అలవాటు పడడం తేలిక అన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

తరువాత 1990లో కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ఏర్పడింది. దేశాంతర దత్తతపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందాన్ని మన దేశం 2003లో ధ్రువీకరించింది.

తండాలు నేర్పిన పాఠం

నిబంధనలు ఉన్నంత మాత్రాన అన్యాయం ఆగదని మన రాష్ట్ర చరిత్రే చెప్పింది. 1999లోను, 2001లోను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శిశువుల విక్రయాలు బయటపడ్డాయి. పేద లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు సేకరించి దత్తత కోసం తరలించారు. పేద తల్లి వేలిముద్ర వేసిన కాగితం ఇష్టపూర్వక అంగీకారంగా ఫైలులో చేరింది. అజీగర్తుని ఆవుల కథ ఎంత పాతదో అంత కొత్తది కూడా. తల్లిదండ్రులు బిడ్డను నేరుగా సంస్థలకు వదులుకునే పద్ధతిని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది.

ఇప్పటి చట్టం ప్రకారం బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి ఎదుటికి రావాలి. ఆమెకు కౌన్సెలింగ్ ఇవ్వాలి. సంతకం చేశాక కూడా మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు ఎందుకో ఆలోచించండి. దత్తత న్యాయంగా జరగాలంటే, ముందు విడిపోవడం న్యాయంగా జరగాలి.

కంప్యూటరు వరస

2000 నాటి బాలల న్యాయచట్టం, దాని 2006 సవరణ అన్ని మతాలవారికీ దత్తత దారి తెరిచాయి. 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని ధ్రువపరిచింది. 2011లో ‘కేరింగ్స్’ అనే కంప్యూటరు వ్యవస్థ మొదలైంది. 2015 నుంచి దేశమంతటికీ ఒకే వరస అమలులోకి వచ్చింది. దంపతులు వివరాలు నమోదు చేసుకుంటారు. ఏ వయసు బిడ్డ, ఆడా మగా అన్నది చెప్పవచ్చు. వరసలో తమ వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫొటో, శిశు పరిశీలన నివేదిక, వైద్య నివేదిక వారికి చేరతాయి. 48 గంటల్లో ఆ బిడ్డను తమ పేరున ఉంచుకోవాలో వద్దో చెప్పాలి. తరువాత శిశుగృహానికి వెళ్లి కలుస్తారు. 2022 నుంచి దత్తత ఉత్తర్వులను కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు.

దీనివల్ల సిఫారసులు తగ్గాయి, వరసలో న్యాయం వచ్చింది. అయితే యంత్రం వంతును చూడగలదు గానీ మనసును చూడలేదు. చీకటంటే భయపడే బిడ్డకు ఎలాంటి తల్లి కావాలో, వినికిడి లోపమున్న పాపను ఏ కుటుంబం ఓపికగా పెంచగలదో నివేదికలు రాసే మనుషులే పసిగట్టాలి. ఆ నివేదికలో నాలుగు ముక్కలు తొందరగా రాసి పంపితే నష్టపోయేది బిడ్డే.

మొదటి కలయిక

ఇక అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునే విషయానికి వద్దాం. జత కుదిరింది. బిడ్డ, కుటుంబం మొదటిసారి కలుసుకోవడం ఎలా?

ఇంగ్లండుకు చెందిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఒక నివేదిక రాశాడు. పసివయసులో తనను పెంచే మనిషితో ఏర్పడే అనుబంధం తెగిపోతే బిడ్డ తీవ్రంగా గాయపడుతుందని అందులో వివరించాడు. శిశుగృహంలో పెరిగే రెండేళ్ల పాపను ఊహించుకోండి. ఆ పాపకు తెలిసిన అమ్మ అక్కడి ఆయమ్మే. కొత్త దంపతులు మిఠాయిలతో వస్తారు, ఫొటోలు దిగుతారు, సాయంత్రానికి కారులో తీసుకువెళ్తారు. పెద్దవాళ్లకు అది పండుగ. పాపకు మాత్రం తెలిసిన ముఖాలన్నీ ఒక్క పూటలో మాయమైన రోజు.

అందుకే ఈ కలయికను ముందుగా ప్రణాళిక వేసుకోవాలి. కొత్త అమ్మానాన్నల ఫొటోలను ఆయమ్మ కొన్ని రోజుల ముందు నుంచే బిడ్డకు చూపాలి. మొదటి రోజు కాసేపు, ఆయమ్మ పక్కనుండగానే ఆడుకోవాలి. మర్నాడు అన్నం తినిపించడం, ఆపైన స్నానం చేయించడం, నిద్రపుచ్చడం కొత్త అమ్మ చేతికి ఒక్కొక్కటిగా మారాలి. ఏ పాటకు నిద్రపోతుంది, పప్పన్నం మెత్తగా కలపాలా, ఏ దుప్పటి లేకపోతే ఏడుస్తుంది? ఇవన్నీ రాసుకోవాలి. ఆ దుప్పటిని ఉతకకుండా బిడ్డతో పాటు పంపాలి, ఎందుకంటే దాని వాసనే ఆ బిడ్డకు తెలిసిన ఇల్లు. తెలుగు మాత్రమే తెలిసిన బిడ్డ వేరే రాష్ట్రానికి వెళ్తుంటే కొత్త తల్లిదండ్రులు ముందుగా నాలుగు తెలుగు మాటలు నేర్చుకోవాలి.

ఏడెనిమిదేళ్ల పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వారికి గతం గుర్తుంటుంది. వయసును, అవగాహనను బట్టి వారి కోరికను పరిగణించాలని చట్టమే చెబుతోంది. అన్నాచెల్లెళ్లను విడదీయకుండా చూడాలి. ఇంట్లో ముందే పిల్లలు ఉంటే వారితో కూడా మాట్లాడాలి. ఈ తయారీ లేకుండా వెళ్లిన కొందరు పిల్లలు తిరిగి సంస్థలకు వచ్చేస్తున్నారు. అలా రెండోసారి విడిపోయిన బిడ్డకు మూడోసారి ఎవరినైనా నమ్మడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. దత్తత తరువాత రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి కుటుంబాన్ని కలిసి నివేదిక రాయాలన్న నిబంధన అందుకే ఉంది.

విద్యార్థులారా, ఇప్పుడు మొదటి కథకు తిరిగి వెళ్దాం. శునశ్శేపుడు తన ఇంటిని తానే ఎంచుకున్నాడు. విశ్వామిత్రుడు మనస్ఫూర్తిగా స్వీకరించాడు. అయినా ఆ యాభైమంది అన్నలతో ఎవరూ ముందుగా కూర్చుని మాట్లాడలేదు. వారి కోపమే మనకు కథలో మిగిలింది. ఇంటికి కొడుకును వెతకడంతో మొదలైన ఈ చరిత్ర, బిడ్డకు ఇంటిని వెతికే దాకా వచ్చింది. చట్టం చేయగలిగింది చాలావరకు చేసింది. మీ తరగతిలో, మీ వీధిలో దత్తతకు వచ్చిన బిడ్డ ఉండవచ్చు. ‘నీ అసలు అమ్మానాన్నలు ఎవరు?’ అని అడిగే నోరు మనది కాకుండా చూసుకుందాం. ఆ బిడ్డ కొత్త ఇంటికి చేరడంలో మిగిలిన చివరి అడుగు ఆ ఇంటి చుట్టూ ఉన్న మన చేతుల్లోనే ఉంది.