ఫొల్లిస్ నుండి ఫల్స్ వరకు: ఒక రాగి నాణెం చరిత్ర

ఉర్దూ తెలిసిన ఇళ్లలో ‘ముఫ్లిస్’ అన్న మాట కొత్తది కాదు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు ముఫ్లిస్. అరబ్బీ నిఘంటుకారులు ఈ మాటను ‘ఫల్స్’ అనే రాగి నాణెంతో ముడిపెట్టారు. దిర్హములతో బతికిన మనిషి ఫులూసు మాత్రమే మిగిలిన స్థితికి దిగజారితే ముఫ్లిస్ అయినట్లు. ఫల్స్ అన్న పేరు గ్రీకుల ‘ఫోలిస్’ నుండి, అది లాటిన్ ‘ఫొల్లిస్’ నుండి వచ్చింది. లాటినులో ఆ మాటకు తోలుసంచి అని అర్థం. బంగారు దీనారును గురించి వ్రాసినంతగా రాగి ఫల్స్‌ను గురించి వ్రాసినవారు లేరు. కాని సామాన్యుడు సంతలో రొట్టె కొన్నది ఈ రాగితోనే.

రోము చిల్లర

క్రీ.శ. 294 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ నాణేల వ్యవస్థను సంస్కరించాడు. సుమారు 10 గ్రాముల బరువుతో, పలుచని వెండి పూతతో కొత్త కంచు నాణెం వెలువడింది. నేటి చరిత్రకారులు దానినే ఫొల్లిస్ అని వ్యవహరిస్తున్నారు. ఆ బరువు ఎంతోకాలం నిలువలేదు. కాన్‌స్టంటైన్ బంగారు సాలిడస్‌ను స్థిరపరచాడే కాని, కంచు నాణెం మాత్రం ఆయన కాలంలోనే మూడు గ్రాములకు పడిపోయింది. బంగారం ఉన్నవాని సంపద నిలిచింది, చిల్లర ఉన్నవాని కూలి కరిగింది.

348లో విడుదలైన కంచు నాణెంపై ‘సుదినాలు తిరిగి వచ్చాయి’ అన్న అర్థమిచ్చే లాటిన్ అక్షరాలు కలవు. నేలకూలిన శత్రువును ఈటెతో పొడుస్తున్న సైనికుని బొమ్మ వాటిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ నాణెం బరువు పదేళ్లలోనే సగానికి తగ్గింది. అక్షరాలు ఒకటి చెప్పగా త్రాసు మరొకటి చెప్పింది. 445లో మూడవ వాలెంటీనియన్ చేసిన చట్టం ప్రకారం షరాబు ఒక సాలిడస్‌ను 7,200 చిన్న నాణేలకు అమ్మితే, దానిని తిరిగి 7,000కు తక్కువగా మార్చరాదు. చిల్లర ఎంత చవుక అయినదో ఈ అంకెలే చెబుతాయి.

498లో అనస్తేసియస్ ఈ దుస్థితిని చక్కదిద్దాడు. 40 చిన్న నాణేల విలువగల పెద్ద రాగి నాణెం ముద్రించి, గ్రీకులో 40ని సూచించే ‘ఎమ్’ ఆకారపు అక్షరాన్ని దానిపై వేయించాడు. 538–539లో జస్టీనియన్ దాని బరువును 20 గ్రాములకు పైగా పెంచాడు. తరువాత మళ్లీ పతనమే. దివ్య ఖుర్ఆన్ సూరా రూమ్‌లో ప్రస్తావింపబడిన రోమ్–పారశీక యుద్ధాల కాలంలో హెరాక్లియస్ (610–641) పాత నాణేలపైనే కొత్త అచ్చు కొట్టించాడు. పాత రాజు ముఖం కొత్త రాజు ముఖం క్రింద నేటికీ లీలగా కనిపిస్తుంది.

సిరియాలో ముస్లిం పాలన

హిజ్రీ 15 (636)లో యర్మూక్ యుద్ధం తరువాత సిరియా ముస్లింల పాలనలోకి వచ్చింది. పాలకులు వెనువెంటనే నాణేలు మార్చలేదు. కాన్‌స్టాన్స్ చక్రవర్తి (641–668) రాగి నాణేలు కాన్‌స్టాంటినోపుల్ నుండి సిరియాకు వస్తూనే ఉన్నాయి. జనానికి చిల్లర కావాలి, ఉన్నది చెల్లుతోంది, దానిని ఆపలేదు.

క్రమంగా స్థానిక టంకశాలలు అవే నమూనాలతో ముద్రణ సాగించాయి. హిమ్స్ పట్టణపు నాణెంపై చక్రవర్తి బొమ్మ ప్రక్కన గ్రీకులో ‘కాలోన్’ అనీ, అరబ్బీలో ‘తయ్యిబ్’ అనీ ఉంటుంది. రెండింటికీ ‘మంచిది’ అనే అర్థం. దమాస్కస్ నాణేలలో కొన్నింటిపై ‘జాయిజ్’, అనగా చెల్లుతుంది, అని కలదు. గ్రీకు చదివే వర్తకునికీ, అరబ్బీ చదివే సైనికునికీ ఒకే నాణెం ఒకే హామీ ఇచ్చింది.

ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ ఈ సంధికాలానికి ముగింపు పలికాడు. మొదట కొన్నేళ్లు ఖడ్గంతో నిలిచిన ఖలీఫా ఆకృతిగల నాణేలు వచ్చాయి. మెట్లపై ఉండే శిలువ స్థానంలో మెట్లపై ఒక కంబం మాత్రం మిగిలింది. హిజ్రీ 77 (696–697)లో బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే గల దీనారు వెలువడింది. రెండేళ్లకు దిర్హము కూడా ఆ రూపం దాల్చింది. రాగి ఫల్స్‌పైనా కలిమా చోటు చేసుకుంది. అయినా కొన్ని ఊళ్ల ఫులూసుపై జంతువుల బొమ్మలు తరువాత కూడా కనిపిస్తాయి. రాగి ముద్రణ చాలవరకు స్థానికాధికారుల చేతిలో ఉండుటే దీనికి కారణం.

సేకరణ, బాధ్యత

ఈ నాణేల ప్రాముఖ్యం వాటి ధరలో లేదు. విజయాల చరిత్ర వ్రాసిన బలాజురీ హిజ్రీ 279 (892)లో మరణించాడు. ఆయన గ్రంథంలో నాణేలపై ఒక అధ్యాయం ఉన్నప్పటికీ, అది సంఘటనలకు రెండు శతాబ్దాల తరువాతి రచన. హిమ్స్ రాగి నాణెం మాత్రం ఆనాటిదే. మొదటి హిజ్రీ శతాబ్దానికి అది సమకాలీన సాక్షి.

ఆ సాక్ష్యం దొరికిన చోటుతో ముడిపడి ఉంటుంది. ఒక కుండలో దొరికిన నాణేలలో అన్నింటికంటె కొత్తది చూచి కుండను ఎప్పుడు పూడ్చారో ఊహించవచ్చు. కుండను పంచుకొని అమ్మివేస్తే ఆ లెక్క తప్పుతుంది. రోమన్ కంచు నాణేలు అసంఖ్యాకంగా దొరుకుతాయి, చవుక కూడా. కనుకనే మట్టి వదలని నాణేలు సంచుల కొద్దీ బజారుకు వస్తాయి, ఏ ఊరివో అడిగేవారుండరు. చింతపండుతో ఇత్తడి చెంబు తోమినట్లు వాటిని తోమితే ‘తయ్యిబ్’ అన్న అక్షరాలే అరిగిపోవచ్చు.

2011లో సిరియాలో యుద్ధం మొదలైన తరువాత అఫామియా వంటి ప్రాచీన నగరాలు దొంగ త్రవ్వకాలతో గుంతలమయమయ్యాయి. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2015 ఫిబ్రవరిలో 2199వ తీర్మానం ద్వారా, అక్రమంగా తరలించిన సిరియా పురావస్తువుల వ్యాపారాన్ని నిషేధించవలసి వచ్చింది. కొనేవాడు ఉన్నంతకాలం త్రవ్వేవాడు ఉంటాడు.

నాణేల సేకరణ నిషిద్ధమైన పని కాదు. పాత, నమోదైన సేకరణల నుండి కొని, బరువు, అచ్చు, దొరికిన చోటు వ్రాసిపెట్టి, పరిశోధకులకు చూపేవాడు చరిత్రకు మేలు చేసినవాడే. చిరునామా లేని నాణేన్ని చవుకగా కొన్నవాడు ఒక సాక్షి నోరు మూయించినవాడు. ఆనాటి పాలకులు సామాన్యుని చిల్లరపై ‘మంచిది’ అని ముద్ర వేసి దాని విలువకు జవాబుదారీ వహించారు. నేడు దానిని చేతిలోకి తీసుకొనేవాడు కూడా ఆపాటి జవాబుదారీ వహించవలసి ఉంది.