రాయగిరి విగ్రహము - భూమార్గము

హుస్సేన్‌సాగరమందలి బుద్ధవిగ్రహముయొక్క చరిత్ర వ్రాయువారు 1990 మార్చి 10వ తేదీనాటి జలప్రమాదమునే విస్తరింతురు. 1988లో అది నగరమునకు వచ్చిన భూమార్గమును ఒక్క వాక్యముతో దాటివేయుదురు. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము. భువనగిరి చెంతనున్న రాయగిరి శిలతో గణపతిస్థపతి పర్యవేక్షణమున రూపొందిన ఆ ఏకశిలావిగ్రహము మూడువందల టన్నులకు మించినది. దానిని 192 చక్రముల వాహనముపై హైదరాబాదునకు తెచ్చిరి. విగ్రహభారమును చక్రములన్నింటికి సమముగా పంచినచో ఒక్కొక్కదానిపై పడునది సుమారు రెండు టన్నులే. పెనుభారములను బాట మోయుటలోని కిటుకంతయు ఈ పంపకముననే యున్నది. నీటిపై నట్టి ఆధారము లేదు. పడవ ఒక వంకకు ఒరిగినచో భారమంతయు ఆ వంకకే త్రోయును. నాడు విగ్రహము మునిగినది, పలువురు మరణించిరి. పిదప వెలికితీసిన విగ్రహమును 1992 డిసెంబరు 1న పీఠముపై నిలిపిరి.