గాలి కోటు బరువెంత? కొండ పరుగుల చరిత్ర చెప్పే పాఠం

మైపాడు తీరాన వేకువనే పరుగు సాధన చేసే యువతీ యువకులారా! మీరెరిగిన శత్రువు ఎండ. చలి కూడా ప్రాణం తీయగలదన్న మాట నెల్లూరు తీరవాసులకు సులభంగా నమ్మబుద్ధి కాదు. నేడు మన మైదానాల వారు సైతం లడఖ్ వంటి చోట్ల కొండ పరుగులకు వెళుతున్నారు గనుక ఈ చరిత్రను తెలుసుకొనవలసి ఉన్నది.

కొండ పరుగులకు పుట్టినిల్లు బ్రిటన్. అక్కడ 1970లో ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ ఏర్పడినది. ఎత్తైన, దూరమైన పందేలలో ఒళ్లంతా కప్పే గాలి, వాన కోటు, టోపీ, చేతి తొడుగులు, పటం, దిక్సూచి, ఈల, అత్యవసర ఆహారం వెంట ఉండాలని ఆ సంస్థ నియమాలు చెబుతాయి. ఆల్ప్స్ పర్వతాలలో 2003లో మొదలైన మోబ్లాం పరుగులో తలదీపాలు, లీటరు నీరు, ఒంటిని చుట్టుకొనే రక్షణ దుప్పటి కూడా తప్పనిసరి.

ఈ నియమాల విలువ 2021 మే 22న చైనాలోని గాన్సూలో తెలిసివచ్చినది. 100 కిలోమీటర్ల పందెంలో 172 మంది బయలుదేరారు. మధ్యాహ్నానికి వడగళ్లు, చలివాన, పెనుగాలి విరుచుకుపడ్డాయి. 21 మంది మరణించారు. వారిలో ఆ దేశపు మేటి పరుగువీరులు ఉన్నారు. అక్కడ గాలి కోటు తెచ్చుకొంటే మంచిదన్నారే గాని, తప్పనిసరి చేయలేదు. ఒక గొర్రెల కాపరి ఆరుగురిని గుహలోకి చేర్చి, మంట వేసి, దుప్పట్లు కప్పి కాపాడాడు. వారికి కావలసినది గొప్ప వైద్యం కాదు, వెచ్చదనం.

ఇందులోని వైద్య కారణం గ్రహించండి. శరీర అంతర్భాగపు ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుండి 35కు దిగువకు జారితే అది ప్రమాద స్థితి. తడిసిన బట్ట, గాలి కలిసి ఒంటి వేడిని వేగంగా లాగివేస్తాయి. మొదట వణుకు, పిదప మాట తడబాటు, ఆపై మతి తప్పుట. ఆపదను గుర్తించవలసిన మెదడే మందగిస్తుంది. అందుచేతనే కోటు విషయాన్ని పరుగెత్తేవారి ఇష్టానికి వదలక, బయలుదేరక ముందే సంచి తనిఖీ చేస్తారు.

మన జిల్లా గాంధీ జనసంఘం బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజులలో అధిరోహించారు. అంతటి అనుభవశాలి 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. అనుభవం వాతావరణాన్ని ఆపలేదు.

కావున కొండ పరుగుకు పేరు నమోదు చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి: తప్పనిసరి వస్తువుల జాబితా ఉన్నదా? దానిని తనిఖీ చేస్తారా? లేదన్నచోటికి వెళ్లకండి. ఉన్నచోటికి వెళితే, తేలిక కోసం కోటును వదిలిపెట్టకండి.