గోళాకార పీడన కవచం

నీటి అడుగున బయటి ఒత్తిడిని తట్టుకుంటూ లోపలి మనుషులను, పరికరాలను కాపాడే గుండ్రని లోహపు గుల్ల. వ్యాసం, మందం ఒకటే అయితే సిలిండర్ గోడలో పుట్టే గరిష్ఠ ప్రతిబలంలో సగమే గోళంలో పుడుతుంది. లోతు సముద్రానికి దీన్ని మించిన ఆకారం లేదు.

గుల్ల పలచనైతే లోహం లొంగకముందే ఒక్కసారిగా సొట్టపడి నలిగిపోతుంది. ఇదే బక్లింగ్. 1915లో జోలీ ఇచ్చిన సూత్రం ప్రకారం మందం సగమైతే నలిగే పీడనం నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రయోగాల్లో పలచని గుల్లలు ఆ లెక్కకు చాలా ముందే కూలాయి. దానికి వివరణ వెతుకుతూ ఫాన్ కార్మాన్, త్సియెన్ 1939లో చేసిన విశ్లేషణ ఈ రంగాన్ని మలుపు తిప్పింది. కంటికి ఆనని చిన్న చదును, వెల్డింగు దగ్గరి వంపు తేడా కూడా బలాన్ని బాగా తగ్గిస్తాయని తర్వాత రుజువైంది. అందుకే గుండ్రదనాన్ని అంగుళం అంగుళం కొలుస్తారు.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందిస్తున్న మత్స్య-6000 ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లాలి. అక్కడి పీడనం వాతావరణ పీడనానికి సుమారు 600 రెట్లు. దాని టైటానియం గోళం లోపలి వ్యాసం 2.1 మీటర్లు, మందం 80 మిల్లీమీటర్లు. జోలీ సూత్రంతో నలిగే పీడనం ఆ లోతు పీడనానికి దాదాపు 12 రెట్లు వస్తుంది. గోడలో ప్రతిబలం మాత్రం 400 మెగాపాస్కల్‌లకు చేరుతుంది, అంటే లోహం లొంగే హద్దులో సుమారు సగం. కాబట్టి ఇంత మందపు గోళానికి అసలు పరీక్ష లోహం నాణ్యతే. తలుపు, కిటికీల రంధ్రాల చుట్టూ గోడను మరింత మందం చేస్తారు.

ఇక లోహం విషయానికొస్తే, హైదరాబాదు కంచన్‌బాగ్‌లో ఉన్న మిశ్ర ధాతు నిగమ్ (స్థాపన 1973) టైటానియం మిశ్రలోహాలను తయారుచేస్తుంది.