చీలమండ విరిగితే: కోత లేని కట్టు

మన గూడేల్లో విరిగిన కాలికి కట్టు కట్టే పెద్దలు ఇంకా ఉన్నారు. వెదురు బద్దలు, గుడ్డ, ఆకు పసరు, అంతే వాళ్ల సామాను. దాన్ని నాటువైద్యమని తీసిపారేసేవాళ్లకు పట్నం పిండికట్టు కూడా దాని తోబుట్టువేనని తెలియదు. చెట్టు బెరడు, వెదురు బద్దలు పెట్టి కట్టమని సుశ్రుత సంహితలోనే ఉంది.

1756లో లండన్‌లో పెర్సివాల్ పాట్ అనే శస్త్రవైద్యుడు గుర్రం మీద నుంచి పడ్డాడు. కాలి ఎముక విరిగి చర్మం చీల్చుకొని బయటికొచ్చింది. అలాంటి కాలిని ఆ రోజుల్లో కోసేసేవారు. ఆయన ఒక తలుపు కొనిపించి, దానికి మోత కర్రలు కట్టించి ఇంటికి మోయించుకున్నాడని చెబుతారు. మన డోలీ లాంటిదే! కోతకు అంతా సిద్ధమయ్యాక ఆయన గురువు వచ్చి ఆపాడు. బద్దలు కట్టారు, కాలు దక్కింది. 1768లో పాట్ రాసిన పుస్తకంలో చీలమండ విరుపును వర్ణించాడు. మోకాలు వంచితే పిక్క కండ వదులై ఎముక సులువుగా చోటికొస్తుందన్నాడు. చీలమండ సరిచేసేటప్పుడు డాక్టర్లు ఇప్పటికీ మోకాలు వంచుతారు.

1850ల మొదట్లో డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథీసెన్ నూలుగుడ్డకు పొడి ప్లాస్టర్ రుద్ది, తడిపి చుట్టాడు. నిమిషాల్లో గట్టిపడింది. అదే పిండికట్టు. ఆ కాలంలోనే లివర్‌పూల్‌లో ఇవాన్ థామస్ అనే కట్టు కట్టేవాడు, చదువుకున్న వైద్యుల వేధింపులు పడలేక, తన అయిదుగురు కొడుకులనూ వైద్యం చదివించాడు. వాళ్లలో హ్యూ ఓవెన్ థామస్ బ్రిటన్ ఎముకల వైద్యానికి ఆద్యుడిగా పేరు పొందాడు. మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

1958లో స్విట్జర్లాండ్ వైద్యుల బృందం ఒకటి ఏర్పడ్డాక ప్లేట్లు, స్క్రూలు బిగించే పద్ధతి బాగా పాకింది. కట్టు వెనకబడింది. కానీ 2016లో అచ్చయిన బ్రిటన్ అధ్యయనంలో, చీలమండ విరిగి నిలకడ తప్పిన, 60 ఏళ్లు దాటిన 620 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి ఒంటికి అతుక్కునే పిండికట్టు వేశారు. ఆరు నెలలకు నడక, పని రెండు వైపులా దాదాపు సమానమే. అయితే కట్టు వేసినవారిలో ఎముక వంకరగా అతుకుకోవడం ఎక్కువ. కదలని విరుపుకు ఆరు వారాల కట్టు బదులు మూడు వారాలు చాలని 2019లో ఫిన్లాండ్ వైద్యులు చూపారు.

వాళ్లందరికీ ముందు ఎక్స్‌రే తీశారు. ఏ విరుపు కదలదో, ఏది జారుతుందో అందులో తేలుతుంది. ఎంత అనుభవమున్న చేతికైనా అది పూర్తిగా అందదు. పాదం పక్కకు తిరిగినా, పుండు పడినా గూడెంలో ఆపకుండా ఆసుపత్రికి మోయాలి. మొదటి రోజుల్లో వాపు పెరుగుతుంది. కట్టు లోపల కాలివేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఆగకుండా పెరిగినా, బద్దల కట్టయితే అప్పటికప్పుడు వదులు చేయాలి. పిండికట్టయితే తెల్లారేదాకా ఆగకుండా బయలుదేరాలి.