కందెనకు కొలబద్ద

బండి ఇరుసునకు కందెన వేయుట మన రైతునకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. ఇనుము ఇనుముతో ఒరసికొన్నచో అరుగుననియు, నడుమ జిడ్డు పొర యున్నచో నిలుచుననియు అతడెరుగును. మోటారు ఇంజనులో జరుగునదియు ఇదియే. అయితే ఇంజను చల్లగా బయలుదేరి వేడిగా పనిచేయును. చల్లనివేళ చిక్కగా నుండు నూనె కాకకు పలుచబడును. కావున ఎంత చిక్కదనము తగునను ప్రశ్న పుట్టినది.

తొలినాళ్లలో మన ఆముదము సైతము ఇంజనుల కెక్కినది. మొదటి ప్రపంచ యుద్ధమున రోటరీ ఇంజనుల విమానములకు దానినే వాడినారు. వేక్‌ఫీల్డ్ సంస్థవారి ‘కాస్ట్రాల్’ అను పేరు ఆముదమునకు ఇంగ్లీషు పేరగు ‘కాస్టర్’ నుండి వచ్చినదే.

1905లో అమెరికాలో ఏర్పడిన ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘము, అనగా ఎస్.ఏ.ఇ., 1911లో చిక్కదనమును బట్టి నూనెలను వర్గీకరించినది. 60 మిల్లీలీటర్ల నూనె సన్నని రంధ్రము గుండ దిగుటకు ఎన్ని సెకనులు పట్టునో చెప్పు సేబోల్ట్ సాధనము ఆ కాలపు కొలబద్ద. నేటి ప్రమాణము ప్రకారము 40 అంకె గల నూనె, 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో, 12.5కు తగ్గక 16.3 సెంటిస్టోకులకు లోబడి యుండవలెను.

డబ్బాపై ‘15 డబ్ల్యు-40’ అని యుండుట శ్రోతలు చూచియుందురు. ‘డబ్ల్యు’ అనగా శీతకాలము. సున్నకు 20 డిగ్రీలు దిగువన సైతము ఇంజను తిరుగుటకు అడ్డుపడనంత పలుచదనమును ‘15 డబ్ల్యు’ సూచించును. వేడికి విచ్చుకొను పొడవైన అణువులను కలిపి, ఒకే నూనెకు ఈ రెండు గుణములను సమకూర్చినారు. మనకంత చలి యెక్కడిదని అనుకొనవచ్చును. కాని మన ఊళ్లలో ఉదయమున 30 డిగ్రీలలో నున్న ఆ నూనెయే, 100 డిగ్రీలలో నున్నప్పటికంటె సుమారు పదిరెట్లు చిక్కన.

అయితే చిక్కదనము వేరు, నాణ్యము వేరు. ఈ రెండవదానిని కొలుచుటకు అమెరికా పెట్రోలియం సంస్థ, అనగా ఏ.పి.ఐ., 1947లో నూనెలను మూడు తరగతులుగా విభజించినది. తరువాత అక్షరములు వచ్చినవి: పెట్రోలు ఇంజనులకు ‘ఎస్’తోను, డీసెలు ఇంజనులకు ‘సి’తోను మొదలగునవి. 2020లో ‘ఎస్.పి.’ తరగతి వెలువడినది. ‘ఎస్.ఏ.’ నూనెలో సంరక్షక ద్రవ్యములేవియు ఉండవు. 1930 తరువాతి పెట్రోలు ఇంజనులలో చాలవానికి అది తగదని ఆ సంస్థయే హెచ్చరించినది. అట్టి నూనె డబ్బాపై సైతము 40 అను అంకె యుండవచ్చును!

అంకె పెద్దదైనచో నూనె మేలైనదను నమ్మకము ఇక్కడనే చెడగొట్టును. అంకె చిక్కదనమును మాత్రమే చెప్పును. అక్షరములు గుణమును చెప్పును. అద్దెకారు నడిపి ఇల్లు గడుపుకొనువానికి ఇంజను అరిగినచో జీవనమే ఆగును. ఇంజను చేసినవారు తమ పుస్తకమున ఏ అంకెను, ఏ అక్షరములను వ్రాసినారో చూచి, డబ్బాపై ఆ రెండును ఉన్నవో లేవో సరిచూచుకొనుటకు నిమిషము చాలును.